పన్నెండో కుర్చీ

పోయిన నెలలో మా మనవరాలు నన్ను గుంటూరు బ్రాడీపేటలో ఒక కొత్త తరహా ఆరాధనకు తీసుకెళ్ళింది. కోచింగ్ సెంటరు పైన మూడో అంతస్తు. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్టుమెట్టుకూ దేవుణ్ణి తలుచుకుంటూ పైకి చేరేసరికి నా వంతు ఆరాధన అక్కడే అయిపోయింది. లోపల చీకటి, నీలం లైట్లు, డ్రమ్ములు, గిటార్లు పట్టుకున్న కుర్రాళ్ళు. పాట ఊపందుకోగానే వేదిక కింద నుంచి తెల్లటి పొగ బుసబుసమంటూ లేచింది. "ఏమే, ఎక్కడో వైరు కాలుతోంది, లే లే" అని దాని చెయ్యి పట్టుకుని లాగాను. "నానమ్మా, కూర్చో. అది మెషిన్. ఫీల్ కోసం వాళ్ళే వదుల్తారు" అంది. ఫీల్ సంగతి తెలియదుగాని దగ్గు మాత్రం వచ్చింది. చుట్టూ పిల్లలు చేతులెత్తి, కళ్ళు మూసుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నారు. పాపం ఎవరి బాధ వాళ్ళది. నాకు మాత్రం నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకున్నాను. మనవరాలు నేనూ ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది. గుడి మొత్తం ఒక్కసారిగా ఏడవడం నేను చూడటం అది రెండోసారి. మొదటిసారి అందుకు కారణం భక్తి కాదు, మిరపకాయ. అది మనవరాలికి చెప్పాలంటే ముందు మా నాన్న గురించి చెప్పాలి.

మాది ప్రకాశం వైపు పొగాకు పండే ఊరు. మేం బాప్టిస్టులం. నాన్న సంఘ పెద్ద. మా గుడికి నాలుగు తెల్లటి గోడలు, ఒక గోడ గడియారం, అంతే. పటం లేదు, బొమ్మ లేదు, పూలు లేవు. దేవుడు మనిషిలోకి చెవి గుండా తప్ప ఇంకే దారినా రాకూడదని నాన్న గట్టి నమ్మకం. హార్మోనియం కొనడానికి కమిటీ మూడేళ్ళు కూర్చుంది. కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించేవాళ్ళం కాదు, కథోలికులనుకుంటారేమోనని టార్చిలైటు పట్టుకునేవాళ్ళు. ఆ గుడి వాసన అడిగితే చెబుతాను: గంజి పెట్టిన చొక్కాలు, కొబ్బరినూనె, నాన్న చేతిలో నలిగి పొగాకు వాసన పట్టేసిన బైబిలు అట్ట. ఇంట్లో పొద్దున్నే ఒక అధ్యాయం అప్పజెప్పితేగాని కాఫీ లేదు. అప్పజెప్పేటప్పుడు ఒక మాట తప్పితే నాన్న తిట్టేవాడు కాదు, గ్లాసు మీద మూత పెట్టేవాడు. కాఫీ చల్లారిపోతుందన్న భయంతో నేను కంఠస్థం చేసిన అధ్యాయాలు ఇప్పటికీ మర్చిపోలేదు. ముందు వరసలో చేతుల కుర్చీ ఒకటుండేది. ముప్పై ఏళ్ళుగా అది నాన్నది. ఆయన ఊళ్ళో లేని ఆదివారం కూడా అందులో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.

అలాంటి మనిషి కూతురు బీఈడీ చదువుతూ ఒక కథోలికుణ్ణి ఇష్టపడింది. శౌరి వాళ్ళది వినుకొండ దగ్గర మిరప పండే ఊరు. నాన్న వాకబు చేయించి, "మనిషి మంచోడే. పొగే నాకు పడదు" అన్నాడు. పొగంటే సాంబ్రాణి పొగ. ఆరు నెలలు మూతి ముడుచుకుని, చివరికి ఒప్పుకున్నాడు. అయితే పెళ్ళిరోజున శౌరి వాళ్ళ గుడి గుమ్మం దాకా నన్ను తీసుకొచ్చి, నా చెయ్యి మా బాబాయి చేతిలో పెట్టి, తను ప్రహరీ పక్కన గొడుగేసుకుని నిలబడ్డాడు. ఆ తరవాత రెండేళ్ళు మా అత్తగారి ఊళ్ళో అడుగు పెట్టలేదు. నన్ను చూడాలనిపిస్తే కార్డు రాసి వినుకొండ బస్టాండుకు వచ్చేవాడు. ఇద్దరం సిమెంటు బల్ల మీద కూర్చునేవాళ్ళం. అమ్మ పంపిన సున్నుండల డబ్బా నా ఒళ్ళో పెట్టి, "బాగున్నావా? వాక్యం చదువుతున్నావా?" అని అడిగి, వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయేవాడు. కండక్టర్లకు కూడా మేం తెలిసిపోయాం. ఆ బస్సు మలుపు తిరిగాక నేను ఎన్నిసార్లు ఏడ్చానో శౌరికి కూడా చెప్పలేదు.

అత్తగారి ఊరి గుడిలో నా అవస్థలు ఇన్నీ అన్నీ కావు. మొదటి ఆదివారం గుమ్మం పక్కన గోడలో ఒక రాతి గిన్నె, అందులో నీళ్ళు కనబడ్డాయి. ఎంత శుచి గల మనుషులో అనుకుని రెండు చేతులూ ముంచి కడుక్కుని, మొహం కూడా తుడుచుకున్నాను. వెనక వరస కట్టిన ఆడవాళ్ళు అవాక్కయ్యారు. అవి మంత్రించిన నీళ్ళట, వేలి కొసతో నుదుట రాసుకోవాలట. మా అత్తయ్య జోజమ్మ మాత్రం నవ్వి, "పోన్లే అమ్మాయ్, నీకు ఆశీర్వాదం కాస్త ఎక్కువ పట్టుద్ది" అంది. వాళ్ళు ఆరాధనను పూజ అంటారు. ఆ పూజలో నేను లేచేసరికి వాళ్ళు మోకరించేవాళ్ళు, నేను మోకరించేసరికి కూర్చునేవాళ్ళు. ఉపవాస దినాల మొదటి బుధవారం అత్తయ్య గుడి నుంచి నుదుట బూడిదతో వచ్చింది. "అత్తయ్యా, పొయ్యి మసి అంటింది" అని నేను తడి కొంగుతో శుభ్రంగా తుడిచేశాను. ఆవిడ నన్ను ఒక్క మాట అనకుండా చెప్పులేసుకుని, అంత దూరం మళ్ళీ నడిచి వెళ్ళి ఇంకోసారి పెట్టించుకొచ్చింది.

అయితే మెల్లగా ఆ గుడి నాకు రుచించడం మొదలైంది. మరియమ్మ తల్లి బొమ్మ మెడలో కనకాంబరాలు, మల్లెలు. కొవ్వొత్తి కరిగే వాసన. గంట మోగగానే వందమంది మోకాళ్ళు ఒకేసారి నేలను తాకే చప్పుడు. అత్తయ్య ఆ బొమ్మ ముందు నిలబడి పక్కింటావిడతో మాట్లాడినట్టు మాట్లాడేది: "తల్లీ, కాయ కళ్ళంలో ఉంది. వాన రానియ్యమాక. నువ్వూ పిల్లలు గలదానివే గదా." మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తరవాత తరవాత, వానా రాకపోవడం చూసి నోరు మూసుకున్నాను. సాంబ్రాణి వాసన చీర కొంగులో బుధవారం దాకా ఉండేది. బళ్ళో పిల్లలకు లెక్కలిచ్చి, ఎవరూ చూడకుండా కొంగు ముక్కుకు ఆనించుకునేదాన్ని. దేవుడు ముక్కు గుండా కూడా రాగలడని నాకు తెలిసింది అక్కడే. ఆ సంగతి బస్టాండు బల్ల మీద నాన్నకు చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది.

ఇంతలో నేను కడుపుతో ఉన్నాను. అసలు చిక్కు అప్పుడొచ్చింది. కథోలికులు పసిబిడ్డకు నెత్తిన నీళ్ళు పోసి బాప్తిస్మం ఇస్తారు. మా బాప్టిస్టుల్లో మనిషికి ఊహ తెలిసి, తనకు తానుగా అడిగితే, నిలువునా నీళ్ళలో ముంచుతారు. అత్తయ్య అప్పుడే బిడ్డకు తెల్ల గౌను కుట్టించింది. నాన్న కార్డు రాశాడు: ఏమీ ఎరగని పసిగుడ్డు నెత్తిన చెంబుడు నీళ్ళు పోస్తే ఆ కార్యానికి తను రాడు, ఆ గడప తొక్కడు, ఇక బస్టాండుకూ రాడు. శౌరి ఆ కార్డు చదివి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. రెండు రోజులు అదే పేపరు చదివాడు. నాకు నిద్ర పట్టేది కాదు. బిడ్డ పుట్టకముందే తాతను పోగొట్టుకుంటోంది, నేను నాన్నను పోగొట్టుకుంటున్నాను. ఎవరికి సర్దిచెప్పాలి? ఇద్దరిదీ దేవుడి మాటే.

పురిటికి తీసుకెళ్ళడానికి నాన్న రావలసి వచ్చింది. ఏడో నెలలో రెండు బస్సులు మారకూడదని డాక్టరమ్మ చెప్పడంతో, అమ్మ జీపు మాట్లాడి నాన్నను తోలింది. ఆయన వచ్చింది గుడ్ ఫ్రైడేకు ముందు రోజు సాయంత్రం. మర్నాడు మా ఊరి గుడిలో ఆయన ప్రసంగం ఉంది, కాబట్టి నన్ను ఎక్కించుకుని వెంటనే వెళ్ళిపోవాలని ఆయన లెక్క. ఇంటికి తాళం. ఊరంతా గుడిలో ఉంది. నాన్న గుడి దాకా వచ్చి, బయట చేతిపంపు గట్టు మీద కూర్చున్నాడు. అత్తయ్య కిటికీలోంచి చూసి బయటికి వెళ్ళి, "లోపలికి రండి అన్నయ్యగారూ" అంది. "ఇక్కడ గాలి బాగుందమ్మా, కానివ్వండి" అన్నాడు నాన్న. గాలి ఎక్కడిది, చైత్రమాసపు ఉక్క. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

ఆ గురువారం పూజలో ఫాదర్‌గారు పన్నెండుమంది కాళ్ళు కడుగుతారు, ప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు. కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకుంటారు. వెనకటి ఫాదర్‌గారు ఈ ప్రాంతం మనిషి. ఆ పన్నెండుమందినీ వారం ముందే పిలిచి, "కళ్ళంలోకి దిగారో, జాగ్రత్త" అని హెచ్చరించేవారట. మిరప రైతుకు ఆ రోజుల్లో అంతకు మించిన సెలవు ఉండేది కాదు కాబట్టి శిష్యుల పదవికి పోటీ ఉండేది. కొత్తగా వచ్చిన ఫాదర్‌గారు గోదావరి వైపు వరి పొలాల్లో పెరిగిన కుర్రాడు. ఇరవై ఎనిమిదేళ్ళుంటాయి. ఆయనకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే అందరికీ తెలిసిందే కదా అని అందరూ అనుకున్నారు. పైగా బుధవారం మబ్బు పట్టింది. ఎండిన కాయ తడిస్తే ఏడాది కష్టం బూజు పట్టినట్టే. ఊరు ఊరంతా కళ్ళాల్లో పడి టిక్కీలు తొక్కారు. టిక్కీలంటే మిరపకాయల గోతాలు. మనిషి అందులోకి దిగి కాళ్ళతో తొక్కితేగాని కాయ అణగదు. శిష్యులు పదకొండుమందీ రెండు రోజులు తొక్కి, సబ్బుతో రుద్దుకుని, తెల్ల పంచెలు కట్టుకుని వచ్చి, పీఠం ముందు వేసిన పన్నెండు కుర్చీల్లో కూర్చున్నారు. పన్నెండోవాడు లూర్దయ్య, కాయతో పాటు లారీలో గుంటూరు యార్డుకు పోయి ఇంకా రాలేదు. మిరప ఘాటు సబ్బుకు పోదు. తొక్కేవాడికి తెలియదు, వాడి చర్మానికి అలవాటు.

ఫాదర్‌గారు నడుముకు తువ్వాలు కట్టుకుని, పళ్ళెం, చెంబు పట్టుకుని మోకరించారు. మొదటి ముద్దు, రెండోది, మూడోది. నాలుగోదానికి పెదవులు తడుపుకున్నారు. ఆరో మనిషి దగ్గరికొచ్చేసరికి మొహం ఎర్రబడింది, చెమట కారిపోతోంది. పాపం ఆ చెమటను నడుముకున్న తువ్వాలుతోనే తుడుచుకున్నారు. ఆ తువ్వాలుతోనే అప్పటికి పది పాదాలు తుడిచారు. అంతే, కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. అయినా ఆగలేదు. ఏడుస్తూనే కడిగారు, ఏడుస్తూనే ముద్దు పెట్టుకున్నారు. ఆడవాళ్ళ వైపు ఒకావిడ ముక్కు చీదింది. "ఎంత భక్తే తల్లీ ఈయనకి!" అని ఇంకొకావిడ కొంగు కళ్ళకు అద్దుకుంది. క్షణంలో గుడి మొత్తం అందుకుంది. పాట పాడేవాళ్ళు పాట ఆపి ఏడ్చారు. నేను బాప్టిస్టు పిల్లను, ఇది కూడా పూజలో ఒక భాగమేమో, ఏడవకపోతే తప్పేమోనని నేనూ కళ్ళు నులుముకున్నాను. మా అత్తయ్య అందరికంటే గట్టిగా ఏడుస్తున్నదల్లా ఠక్కున ఆపి, నా చెవిలో అంది: "అమ్మాయ్, భక్తి కాదే. కారం!"

పదకొండోవాడి కాళ్ళు పూర్తయ్యేసరికి ఫాదర్‌గారికి కళ్ళు కనబడటం లేదు. గోడ తడుముకుంటూ పక్క తలుపులోంచి బయటికి నడిచారు. నేనూ అత్తయ్యా వెంట పరిగెత్తాం. ఆయన చేతిపంపు దగ్గర గుప్పిళ్ళతో నీళ్ళు మొహాన కొట్టుకుంటూ, కొట్టుకున్న కొద్దీ ఎగురుతున్నారు. గట్టు మీద కూర్చున్న నాన్న దిగ్గున లేచాడు. "నీళ్ళు కొట్టుకోమాక బాబూ! ఇంకా పాకుద్ది. ఎవరన్నా మజ్జిగ తెండి, పాలు తెండి!" ఫాదర్‌గారిని ఆయన ఫాదర్ అనడు. భూమ్మీద ఎవరినీ అలా పిలవకూడదని ఆయన పట్టుదల. అందుకని బాబూ అన్నాడు. ఎదురింట్లోంచి చెంబుడు మజ్జిగ, గ్లాసుడు పచ్చిపాలు వచ్చాయి. నాన్న ఆ కుర్రాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి, తలను తన పొట్టకు ఆనించుకుని, పెదవులకు మజ్జిగ రాశాడు. తన జేబురుమాలు పాలలో ముంచి కళ్ళు తుడిచాడు. చిన్నప్పుడు నా కంట్లో నలుసు పడితే ఇలాగే తుడిచేవాడు. "ఏం బాబూ, వాళ్ళు మిరపకాయలోళ్ళు, ఆ మాత్రం తెలియదా?" అని అడిగాడు. ఫాదర్‌గారు ఉబ్బిన పెదవులతో, "మూడో ఆయన దగ్గరే తెలిసిందండీ. మధ్యలో ఆపితే తొమ్మిదిమంది చిన్నబుచ్చుకుంటారు కదా" అన్నారు. నాన్న రుమాలు పిండి మళ్ళీ తుడిచాడు.

కాసేపటికి మంట తగ్గినా చూపు సరిగ్గా రాలేదు. "పెద్దాయనా, కాస్త లోపలికి తీసుకెళ్ళండి, పూజ మధ్యలో ఉంది" అన్నారు ఫాదర్‌గారు. నాన్న నా వైపు చూశాడు, అత్తయ్య వైపు చూశాడు. గుడ్డివాడికి చెయ్యి అందించను అని ఏ సంఘ పెద్ద అనగలడు? చెప్పులు విడిచి, ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని గడప దాటాడు. పీఠం దాకా నడిపించి వెనక్కి తిరగవలసిన మనిషి, అక్కడ ముందు వరసలో ఖాళీగా ఉన్న కుర్చీ చూశాడు. ముప్పై ఏళ్ళ అలవాటు. గుడిలో ముందు కుర్చీ ఖాళీగా కనబడితే ఆయన కాళ్ళు ఆయన్ను అడగవు. వెళ్ళి అందులో కూర్చున్నాడు. అది లూర్దయ్య కుర్చీ, పన్నెండోది. ఫాదర్‌గారు తడుముకుంటూ వచ్చి దాని ముందు మోకరించి, నాన్న కాలు పట్టుకున్నారు.

నాన్న అదిరిపడ్డాడు. "వద్దు బాబూ, వద్దు! నా కాళ్ళు నువ్వు కడగటమేంది? నేను చస్తే ఒప్పుకోను!" అని అరిచాడు. గుడిలో మెచ్చుకోలుగా గుసగుసలు లేచాయి. ప్రభువు కాళ్ళు కడగబోతే శిష్యుడు పేతురు కూడా ఇలాగే వద్దన్నాడని అందరికీ తెలుసు. "చూశావా, మీ నాన్న పేతురు మాటలు ఎంత బాగా చెప్తున్నాడో! మనోళ్ళు ఉన్నారు ఎందుకూ, బెల్లం కొట్టిన రాళ్ళలాగా కూర్చుంటారు" అంది అత్తయ్య. ఫాదర్‌గారు కాలు వదలకుండా, "పేతురు కూడా వద్దన్నాడండీ. తరవాత ఏమైందో నాకంటే మీకే బాగా తెలుసు" అన్నారు. తెలుసు. కడగనివ్వకపోతే నాతో నీకు వంతు లేదని ప్రభువు అనేసరికి పేతురు లొంగిపోయాడు. ఆ అధ్యాయం మాట పొల్లు పోకుండా నాన్నకు కంఠస్థం. నాకు కాఫీ ఆపి మరీ నేర్పిన అధ్యాయం. ఆయన కాలు పళ్ళెంలో పెట్టాడు. ఫాదర్‌గారు కడిగి, ఎవరో ఇచ్చిన కొత్త తువ్వాలుతో తుడిచి, వంగి ఆ పొగాకు రైతు పాదాన్ని ముద్దు పెట్టుకున్నారు. నాన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కారమే అని తరవాత బుకాయించాడు. కారం తగిలింది కాళ్ళకు కదా నాన్నా అని నేను అనలేదు.

నిజంగానే కాళ్ళకు తగిలింది. పదకొండుమంది కాళ్ళు కడిగిన పళ్ళెం అది. పూజ అయ్యి జీపు దగ్గరికి వచ్చేసరికి ఆయన నిప్పుల మీద ఉన్నట్టు ఎగరడం మొదలుపెట్టాడు. ఇక గడపా లేదు, పట్టింపూ లేదు, శౌరి భుజం మీద వాలి మా ఇంట్లోకి వచ్చాడు. అత్తయ్య ఇత్తడి పళ్ళెం నిండా మజ్జిగ పోసి కాళ్ళు అందులో పెట్టించింది. రెండేళ్ళుగా మా ఇంటికి రాని మనిషి, మరియమ్మ తల్లి పటం కింద, మజ్జిగలో కాళ్ళు పెట్టుకుని, కదల్లేక కూర్చున్నాడు. ఆ స్థితిలోనే అన్నం తిన్నాడు. గోంగూర మళ్ళీ వేయించుకున్నాడు. శౌరి పేపరు కోసం వెతుక్కుంటుంటే, "పేపరెందుకయ్యా, కూర్చో, మాట్లాడు" అన్నాడు. ఇప్పుడు ఆ ఊళ్ళో కళ్ళాలు సగం లేవు, కాయ కోల్డ్ స్టోరేజీకి పోతోంది. గుడికి టైల్స్ వేశారు, మైకులు పెట్టారు. అయినా నేను వెళ్ళినప్పుడల్లా అటు చేతిపంపుకూ, ఇటు గుడి గడపకూ మధ్యనున్న ఆ నాలుగడుగుల దారి చూస్తాను. దాన్ని దాటడానికి ఒక మంచి మనిషికి రెండేళ్ళు పట్టింది.

అన్నం తిన్నాక నాన్న మజ్జిగలోకి చూస్తూ, "నలభై ఏళ్ళుగా ఆ అధ్యాయం చెప్తన్నానే అమ్మాయ్. ఒక్కడి కాళ్ళూ కడగలా. ఆ కుర్రాడు మూడో మనిషి దగ్గరే తెలిసి కూడా ఆపలా" అన్నాడు. అత్తయ్య వంటింటి గుమ్మంలో ఆగిపోయింది. ఆవిడకూ నాకూ ఒకే భయం. బాప్తిస్మం సంగతి అడగాలా వద్దా అనుకుంటుండగా ఆయనే అన్నాడు: "మీ పిల్లకాయకి నెత్తిన నీళ్ళు పోస్తారో, ఏం పోస్తారో పోసుకోండి చెల్లెమ్మా. వాడు పెద్దయ్యాక నేనూ నా వంతు చెప్తా, అప్పుడు వాడిష్టం. కానీ ఒక్క షరతు. ఆ నీళ్ళు ముందు ఎవరన్నా నాలిక మీద వేసుకుని చూడాల."

మా పెద్దాడి బాప్తిస్మం రోజున నాన్న ముందు వరసలో నిలబడ్డాడు. ఫాదర్‌గారు చెంబు ఎత్తబోతూ ఆగి, దాన్ని నాన్న ముందుకు చాపారు. నాన్న గుడి అందరి ముందూ చిటికెన వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, కాసేపు ఆలోచించి, "పోయండి, ఫాదర్‌గారూ" అన్నాడు.